బోనెట్‌కి వెంట్లు: విశాఖ ఎండలో, ఉప్పుగాలిలో చాలాకాలం వాడాక

టెంపరేచర్ ముల్లు ఎర్రగీత వైపు పోతోందని వెంట్లు, అంటే వేడిగాలి బయటికి పోయే కంతలు పెట్టించడానికి బోనెట్ కోయిద్దామనుకుంటున్నారా, ముందు ఆగండి. రేడియేటర్ పూడుకుపోయిందేమో, ఫ్యాన్ సరిగా లాగడం లేదేమో, థర్మోస్టాట్ (ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ నీళ్ల దారి తెరిచి మూసే వాల్వు) పూర్తిగా తెరుచుకోవడం లేదేమో చూపించుకోండి. అవి వెంట్లతో బాగుపడే రోగాలు కావు. నాది పాత టర్బో డీజిల్ ఫోర్ బై ఫోర్ జీపు, వెంట్లకు ముందూ తర్వాతా కూలెంట్ టెంపరేచర్ దాదాపు ఒకటే, ఎందుకంటే దాన్ని పట్టి ఉంచేది థర్మోస్టాట్.

తగ్గింది బోనెట్ కింద గాలి వేడి. అది చిన్న విషయం కాదు. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్ పొగ బయటికొచ్చే గొట్టాలు), టర్బో లోడు మీద వందల డిగ్రీలకు పోతాయి, రేడియేటర్ దాటొచ్చిన గాలి కూడా అప్పటికే వేడెక్కి ఉంటుంది, ఆ రెండూ కలిసి పైనున్న రేకు కింద ఇరుక్కుపోతే వైరింగ్ తొడుగులు, రబ్బరు గొట్టాలు, బ్యాటరీ అన్నీ ముందే ముసలివైపోతాయి. ఫ్యూజ్ బాక్స్ పక్కన వైరున్న చిన్న డిజిటల్ థర్మామీటర్ కట్టి చూశాను. శృంగవరపుకోట దాటాక అనంతగిరి ఘాట్‌లో లారీ వెనక రెండో గేరులో పాకేటప్పుడు, వంజంగి వైపు మట్టిదారిలో లో రేంజ్ (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే గేరు) వేసి ఎక్కేటప్పుడు, మునుపటికంటే పదీ పదిహేను డిగ్రీలు తక్కువ చూపిస్తోంది. అనకాపల్లి హైవే మీద మాత్రం తేడా కొంచెమే, వేగంలో గాలి ఎలాగూ కింద నుంచి బయటికి పోతుంది.

నాకు బాగా నచ్చింది బండి ఆపాక జరిగేది. ఇంజిన్ ఆపగానే ఫ్యాన్, వాటర్ పంపు రెండూ ఆగిపోతాయి, ఇనుములో ఉన్న వేడంతా పైకి లేస్తుంది, అసలు వేడి అప్పుడే ఎక్కువ. గాలికొండ వ్యూపాయింట్ దగ్గర టీకి ఆగి వెంట్ల మీద చెయ్యి పెడితే సెగ తెలుస్తుంది. ఇదివరకు ఆ సెగంతా లోపలే ఉడికేది. ఇప్పుడు టీ తాగి వచ్చేసరికి బోనెట్ ఎత్తి చెయ్యి పెట్టగలుగుతున్నా.

ఎక్కడ కోయాలన్నదే అన్నిటికన్నా ముఖ్యం. చూడ్డానికి బాగుంటుందని చాలామంది అద్దం దగ్గరగా పెట్టిస్తారు. ముందు అద్దం మొదట్లో గాలి వచ్చి కొట్టుకుని ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి వేగంలో వెంటు వేడిని వదలకపోగా గాలిని లోపలికి తోస్తుంది. ఏసీకి బయటిగాలి తీసుకునే జాలీ కూడా అక్కడే, ట్రాఫిక్‌లో డీజిల్ వాసన, వేడి నేరుగా క్యాబిన్‌లోకి వస్తాయి. రేడియేటర్‌కి కాస్త వెనక, బోనెట్ ముందుభాగంలో ఒత్తిడి తక్కువ. నమ్మకం కోసం సన్నటి ప్లాస్టిక్ ట్యూబులో రంగునీళ్లు పోసి, యు ఆకారంలో అట్టకి కట్టి, ఒక కొసని బోనెట్ కిందకి, రెండోదాన్ని పైన ఒక్కోచోట టేపుతో అంటించి నడిపాం. మా తమ్ముడు పక్కసీట్లో కూర్చుని నీళ్ల మట్టం చూశాడు. పైకొస వైపు నీళ్లు ఎక్కాయంటే అక్కడ పైన ఒత్తిడి తక్కువని, ఆ చోటే గుర్తు పెట్టాం. లోపలి బలపు పట్టీలను మాత్రం ముట్టుకోనివ్వకండి, అవి తెగితే బోనెట్ ఊగిపోతుంది.

ఇక మన ఊరి సంగతి. సముద్రం పక్కన కోసిన రేకు అంచు ఊరికే వదిలితే ఒక్క వానాకాలంలో తుప్పు పెయింట్ కిందకి పాకేస్తుంది. గాజువాక ఆటోనగర్‌లో టింకరింగ్ మేస్త్రీతో అంచులు అరగదీయించి, ఎపాక్సీ ప్రైమర్ కొట్టించి, పెయింట్ అయ్యాకే బిగించమన్నా. లూవర్లు (కోసిన చోట బిగించే రెక్కల మూతలు) అల్యూమినియం, బోనెట్ ఇనుము, ఈ రెండూ ఉప్పుతడిలో నేరుగా తగిలితే అల్యూమినియం తెల్లగా పొడి రాలుతుంది, అందుకే మధ్యలో రబ్బరు గ్యాస్కెట్ తప్పనిసరి. వానకి రెక్కలు వెనక్కి తిరిగి ఉండాలి, కింద ఫ్యూజ్ బాక్స్, ఆల్టర్నేటర్ ఉంటే నీళ్లు పక్కకి జారేలా రేకు తొట్టి కావాలి. నేను చేయించా, తుపాను వానల్లో బయటే ఉన్నా ఇబ్బంది రాలేదు. వాటర్ వాష్‌లో ప్రెషర్ గొట్టం మాత్రం వెంట్ల మీదకి తిప్పనివ్వను. ఇంజిన్ చప్పుడు కాస్త పెరిగింది, దుమ్ము కూడా ఎక్కువే పడుతోంది.

జీప్ రాంగ్లర్ రూబికాన్‌కి ఇలాంటివి కంపెనీ నుంచే వస్తాయి. మనం కోయిస్తే లెక్క వేరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది, తయారీదారు ఇచ్చిన రూపం మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది, కాబట్టి కోయించే ముందే ఆర్టీఓ ఆఫీసులోనూ ఇన్సూరెన్స్ వాళ్లనీ అడగండి. వారంటీ ఉన్న బండికైతే అసలు వద్దు. బీచ్ రోడ్డు, ఆఫీసు వరకే తిరిగే బండికీ అక్కర్లేదు. ఘాట్లు, కొండదారులు తరచూ తిరిగేవాళ్లు సెకండ్ హ్యాండ్ బోనెట్ ఒకటి కొని దాన్నే కోయించండి. ఒరిజినల్‌ని దుప్పట్లో చుట్టి మేడ మీద గదిలో దాచాను, ఎప్పుడు కావాలన్నా బోల్టులు విప్పి మార్చేయొచ్చు.