జాగ్రత్త: పేరు చూసి షార్ట్ స్కేల్ బేస్ కొనకండి, టేపు పెట్టి కొలవండి

పాత క్లాసిక్ బేస్ గిటార్ పేరే, అదే ఆకారం, అదే రంగు, పక్కన ‘షార్ట్ స్కేల్’ అని చిన్న ముక్క. అది చూసి ఆర్డర్ పెట్టేసినవాళ్ళు పెట్టె విప్పాక ఎదుర్కొనే తంటాలు దాదాపు ఒకటే. అన్నిటికన్నా లావైన E తీగ జావగా పలుకుతుంది, 12వ ఫ్రెట్ (నెక్ మీది అడ్డ లోహపు కడ్డీ) దగ్గర శ్రుతి కలవదు, చెయ్యి వదిలితే నెక్ నేల వైపు వాలిపోతుంది, కొత్తగా తెచ్చిన తీగల సెట్ సరిపడదు. వీటిలో కొన్ని సర్దుకుంటే పోయేవి, కొన్ని వెంటనే తిప్పి పంపాల్సినవి. తేడా తెలియకపోతే రెండు రకాలా నష్టమే.

ముందు స్కేల్ సంగతి, అంటే నట్ (నెక్ పై చివర తీగలు ఆనే పట్టీ) నుంచి బ్రిడ్జ్ దాకా సుమారుగా తీగ మోగే పొడవు. ఫెండర్ ప్రెసిషన్, జాజ్ బేస్‌ల స్కేల్ 34 అంగుళాలు. 1966లో వచ్చిన ఫెండర్ మస్టాంగ్ బేస్‌కీ, హాఫ్నర్ 500/1 వయొలిన్ బేస్‌కీ 30. గిబ్సన్ ఈబీ-0కి 30.5. స్క్వియర్ మినీ ప్రెసిషన్, ఐబనెజ్ మైక్రో అయితే 28.6 మాత్రమే. అమ్మేవాళ్ళు 28.6నీ 30నీ ఒకే గాటన కట్టి ‘షార్ట్’ అంటారు. చేతికి మాత్రం అవి రెండూ వేరు వేరు వాయిద్యాలే.

పేర్లలోనే పెద్ద ఉచ్చు ఉంది. స్క్వియర్ జాగ్వార్ బేస్ స్పెషల్ 34లోనూ వచ్చింది, 30లోనూ వచ్చింది. చివర ‘ఎస్‌ఎస్’ ఉన్నదే చిన్నది. గిబ్సన్ ఈబీ-3 షార్ట్, దానికి ‘ఎల్’ తోక తగిలిస్తే లాంగ్. ఎపిఫోన్ వాళ్ళ ఈబీ-3 చూడ్డానికి గిబ్సన్‌కి తమ్ముడిలా ఉంటుంది కానీ స్కేల్ 34. సెకండ్ హ్యాండ్ ప్రకటనల్లో ఈ తోకలు రాయడం మర్చిపోవడం మామూలే.

అందుకే నట్ లోపలి అంచు నుంచి 12వ ఫ్రెట్ మధ్య వరకూ టేపు పెట్టిన ఫొటో అడగండి. ఆ కొలతకి రెట్టింపే స్కేల్. 14.3 అంగుళాలు వస్తే 28.6, 15 వస్తే 30, 15.25 వస్తే 30.5, 17 వస్తే లాంగ్ స్కేల్. శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగ ఆనే చిన్న ముక్క) దాకా కొలిచి చెప్పిన లెక్క నమ్మకండి. శ్రుతి సర్దడానికి శాడిళ్ళని కాస్త వెనక్కి జరుపుతారు కాబట్టి ఆ కొలత ఎప్పుడూ కొంచెం ఎక్కువే చూపిస్తుంది.

ఇక E తీగ. అదే తీగని అదే శ్రుతికి కడితే బిగువు స్కేల్ వర్గాన్ని (స్క్వేర్‌ని) బట్టి మారుతుంది. 34 నుంచి 30కి దిగితే సుమారు 22 శాతం, 28.6కి దిగితే 29 శాతం బిగువు పోతుంది. వదులైన తీగ వెడల్పుగా ఊగి ఫ్రెట్లకి తగులుతుంది, గట్టిగా మీటితే శ్రుతి ఒక్క క్షణం పైకెక్కి దిగుతుంది. ఇది లోపం కాదు, లెక్క. 100 బదులు 105 తీగ (లావు, అంగుళంలో వెయ్యో వంతుల్లో) వేసి, 12వ ఫ్రెట్ దగ్గర ఎత్తు 2.5 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంచి, మీటే చెయ్యి తేలిక చేస్తే 30 అంగుళాల బేస్ చక్కగానే పలుకుతుంది. 28.6 మీద మాత్రం లావు తీగ వేసినా ఆ బిగువు రాదు. పిల్లల చేతికి, ప్రయాణానికి సరే. ప్రెసిషన్ గొంతు ఆశించి కొంటే నిరాశే.

లావు తీగ వేస్తే మరో చిక్కు. తీగ పొట్టిదై, లావైన కొద్దీ బిరుసు ఎక్కువవుతుంది, దాని శాడిల్ మరింత వెనక్కి పోవాలి. చాలా చవక మోడళ్ళలో అక్కడే జాగా అయిపోతుంది. శాడిల్ వెనక స్ప్రింగ్ తీసేస్తే రెండు మూడు మిల్లీమీటర్లు దొరుకుతాయి. పాత స్క్వియర్ బ్రాంకోలో నాలుగు తీగలకి కలిపి రెండే శాడిళ్ళు. E తీగ కుదిరితే A తీగ చెడుతుంది, మధ్యస్థంగా సర్దుకోవడమే. దాని మూత కింద ఉండేది కూడా ఆరు పోల్‌ల గిటార్ తరహా పికప్.

తిప్పి పంపాల్సింది ఏదంటే, భాగాలు కలిపి కట్టినది. 34 బాడీకి మామూలు 30 నెక్ బిగించి ‘క్లాసిక్ షార్ట్’ అని అమ్మే బేస్‌లతో జాగ్రత్త. 20వ ఫ్రెట్ నుంచి శాడిల్‌కి 34 స్కేల్‌లో 10.7 అంగుళాలు, 30లో దాదాపు 9.45. చివరి ఫ్రెట్ పాత చోటే కూర్చుంటే బ్రిడ్జ్ అంగుళంపావు వెనక మిగిలిపోతుంది. 12వ ఫ్రెట్ మీద హార్మోనిక్ (తీగని నొక్కకుండా తాకి మీటిన స్వరం), నొక్కిన స్వరం రెండూ శ్రుతి చూపే ట్యూనర్‌లో చూడండి. నొక్కినది 60, 70 సెంట్లు (అర్ధస్వరానికి 100 సెంట్లు) కిందికి పలుకుతుంది. ఏ శాడిల్ స్క్రూ అంత దూరం లాగలేదు. ఇలాంటి మార్పిడికే లెక్కవేసి చేసిన కన్వర్షన్ నెక్‌లు వేరే ఉన్నాయి. అది వేశారో లేదో అడగండి.

తీగలు కొనేటప్పుడు ‘షార్ట్’ లేబుల్ ఒక్కటే చాలదు. తీగ చివరి గుండు (బాల్ ఎండ్) కూర్చునే చోటి నుంచి నట్ దాకా ఒక దారం లాగి కొలవండి. తీగలు బాడీ వెనక నుంచి వచ్చే మస్టాంగ్ తరహా బేస్‌కి ఆ దూరం పెరిగి, కొన్ని షార్ట్ సెట్లలో పట్టుదారం చుట్టిన భాగం సరిగ్గా నట్ మీదికి వచ్చేస్తుంది. లాంగ్ సెట్ వేస్తే పూర్తి లావున్న చుట్ట ట్యూనర్ (తీగ బిగించే బిరడా) పోస్టుకి చుట్టుకోవాల్సి వస్తుంది; ఫ్లాట్‌వౌండ్‌లు (చదునైన చుట్ట తీగలు) అక్కడే చిట్లి విడిపోతాయి. రౌండ్‌వౌండ్‌ని (గుండ్రటి చుట్ట తీగని) తగ్గించక తప్పకపోతే, ముందు 90 డిగ్రీలు వంచి, ఆ వంపు దాటాకే కత్తిరించండి. లేకపోతే చుట్ట జారి తీగ మొద్దుగా మోగుతుంది.

నెక్ వాలడం గిబ్సన్ ఎస్‌జీ (రెండు కొమ్ముల) ఆకారపు బాడీల పుట్టుకతో వచ్చిన గుణం. వెడల్పాటి, గరుకు లోపలివైపున్న స్ట్రాప్ కొంత ఆపుతుంది, తేలికపాటి ట్యూనర్లు ఇంకాస్త. వయొలిన్ బేస్‌కి చెక్క బ్రిడ్జ్ తీగల బిగువు మీదే నిలబడుతుంది, రవాణాలో జరగడం సహజం. దాన్ని చూసి కంగారుపడి వాపసు పెట్టకండి, చోటుకి జరిపి 12వ ఫ్రెట్ దగ్గర మళ్ళీ సరిచూడండి. తీగలు మార్చేటప్పుడు ఒక్కొక్కటే మార్చండి.

పెట్టె వచ్చిన రోజు ముందు టేపు, తర్వాత ట్యూనర్, చివర్న శాడిల్ స్క్రూలో ఇంకా ఎంత మర మిగిలిందో చూడండి. వాపసు గడువు దాటేదాకా దానితో వచ్చిన తీగలని కత్తిరించొద్దు, పారేయొద్దు.