1.2 పెట్రోలా, టర్బోనా, 1.5 డీజిలా? వరంగల్ రోడ్లకు ఏది మేలు?

కారు కొనే ముందు అందరూ అడిగే మొదటి మాట "ఎంత సీసీ?" అని. కానీ సీసీ చూసి బండి బలం చెప్పే రోజులు పోయాయి. నాలుగు మీటర్ల లోపు కార్లలో ఇంజన్లు 1197, 1199, 1493, 1497 దగ్గరే ఎందుకు ఆగుతున్నాయంటే, పన్ను వల్ల. పెట్రోలుకు 1200, డీజిల్‌కు 1500 సీసీ దాటితే అది చిన్నకారు కింద లెక్కకు రాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్నకారుకు జీఎస్టీ 18 శాతం, గీత దాటితే 40 శాతం. కాబట్టి చూడాల్సింది రెండు: ఆ సీసీలోంచి ఎంత టార్క్ (చక్రాలను తిప్పే బలం) తీశారు, అది ఏ ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర దొరుకుతుంది. మన దగ్గరైతే మూడోది కూడా ఉంది, అదే అన్నిటికంటే ముఖ్యం: స్టార్ట్ చేసిన ప్రతిసారీ బండి ఎంత దూరం పోతుంది?

హన్మకొండ చౌరస్తా నుంచి కాజీపేటకో, వరంగల్ స్టేషన్‌కో పోయిరావడమే రోజువారీ పని అయితే టర్బో (పొగ ఒత్తిడితో తిరిగి ఇంజన్‌లోకి అదనంగా గాలి నెట్టే చిన్న చక్రం) లేని 1.2 లీటర్ల, అంటే సుమారు 1200 సీసీ పెట్రోలును మించింది లేదు. బలేనోలోని మారుతి కె12ఎన్, ఐ20లోని హ్యుందాయ్ కప్పా, అమేజ్‌లోని హోండా ఐ-వీటెక్, మూడూ నాలుగు సిలిండర్లవి. పవర్ 83 నుంచి 90 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత), టార్క్ 110 నుంచి 115 ఎన్ఎం (న్యూటన్ మీటర్లు). ఐడిలింగ్‌లో, అంటే బండి ఆగి ఇంజన్ తిరుగుతున్నప్పుడు, స్టీరింగ్ వణకదు, సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆన్‌లో ఉందో లేదో తెలియదు. 2024లో వచ్చిన కొత్త స్విఫ్ట్‌లో మారుతి మూడు సిలిండర్ల ఇంజన్ పెట్టింది. మైలేజీ పెరిగింది, కానీ పవర్ 90 నుంచి 82కు దిగింది, పాత నున్నదనం కూడా కొంత పోయింది. రోజూ ఊళ్లో తిరిగేవాళ్లు రెండూ నడిపి చూసుకోవాలి.

ఈ ఇంజన్లలో చెడిపోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఐడిలింగ్ ఎగుడుదిగుడుగా ఉంటే ముందు థ్రాటిల్ బాడీ క్లీన్ చేయించాలి, తర్వాత స్పార్క్ ప్లగ్గులు చూడాలి. ఎక్కువసార్లు అక్కడితో సరిపోతుంది. బలహీనత ఒక్కటే. పూర్తి టార్క్ 4,000 ఆర్‌పీఎం దాటాక గానీ రాదు. మే నెలలో 44 డిగ్రీల ఎండ, లోపల ఐదుగురు, ఏసీ నాలుగు మీద ఉంటే మూడో గేరులో తొక్కినా బండి కదలనట్టే ఉంటుంది.

ఆ తేడా ఎక్కడ తెలుస్తుందంటే ములుగు దాటాక. హైదరాబాదు నుంచి వరంగల్ దాకా 163వ నంబరు జాతీయ రహదారి నాలుగు లైన్లు. ఏటూరునాగారం వైపు రెండే లైన్లు, ముందు ఇసుక లారీలు. లారీ 45 మీద పోతోంది, ఎదుర కాస్త ఖాళీ దొరికింది అనుకోండి. మామూలు 1.2లో నాలుగో గేరులో ఉంటే ఇంజన్ 1,500 దగ్గర ఉంటుంది, అక్కడ బలం ఉండదు. మూడోకి దించితే 2,200, అదీ చాలదు. రెండోకి దించి 3,200 నుంచి లాగితేనే ఓవర్‌టేక్ అవుతుంది. ఇంజన్ అరుస్తుంది, అరిచినా దానికేం కాదు, భయపడి ముందే గేరు మార్చేవాళ్లే మధ్యలో చిక్కుకుంటారు. టర్బోలో మూడో గేరు చాలు. వెన్యూలోని 998 సీసీ టర్బో 172 ఎన్ఎం టార్క్‌ను 1,500 నుంచి 4,000 దాకా ఒకేలా ఇస్తుంది, ఫ్రాంక్స్ 1.0 బూస్టర్‌జెట్ 148 ఎన్ఎంను 2,000 నుంచి ఇస్తుంది. 2,200 దగ్గర రెండూ పూర్తి బలంలో ఉంటాయి. డీజిల్ కూడా నాలుగో గేరులో 1,300 దగ్గర మూలుగుతుంది. మూడోకి దించితే 1,900, అక్కడి నుంచి 250 ఎన్ఎంతో లారీని తేలిగ్గా దాటేస్తుంది. ఈ అంకెలు బండిని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతాయి, వరస మాత్రం మారదు.

బ్రోషర్‌లో టార్క్ అంకె ఒక్కటే చూస్తే మోసపోతాం, బరువుతో భాగించాలి. స్విఫ్ట్ 900 కిలోల పైచిలుకు, టార్క్ 112. నెక్సాన్ పెట్రోల్ టర్బో 170 ఎన్ఎం, కానీ బరువు 1,200 కిలోల పైన. టన్నుకు లెక్కేస్తే సుమారు 120, 135. కాగితం మీద కనిపించినంత తేడా రోడ్డు మీద లేదు. ఆ బరువు దండగ అనడం లేదు. గుంతల్లో నెక్సాన్ కుదురుగా పోతుంది, 2018లో గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్టులో ఐదు నక్షత్రాలు తెచ్చుకున్న మొదటి భారతీయ కారు అదే. 2024లో డిజైర్‌కూ ఐదు వచ్చాయి గనక తేలిక బండి అంటే పలచటి బండి అని తీసిపారేయడం ఇప్పుడు కుదరదు.

టర్బో తీసుకునేవాళ్లు మూడు సంగతులు ఒప్పుకుని తీసుకోవాలి. మొదటిది ఆయిల్. టర్బో షాఫ్ట్ తిరిగేది పలచటి ఆయిల్ పొర మీద, నిమిషానికి లక్షకు పైగా చుట్లు. మాన్యువల్లో రాసిన గ్రేడు సింథటిక్ ఆయిలే పోయాలి, 10,000 కిలోమీటర్లు కాకపోయినా ఏడాదికి మార్చాలి. హైదరాబాదు నుంచి వంద మీద వచ్చి ఇంటి ముందు టక్కున ఆపకుండా అర నిమిషం ఐడిలింగ్‌లో ఉంచాలి, లేకపోతే వేడికి ఆయిల్ అక్కడే మాడి మడ్డి కడుతుంది. రెండోది నడిపే తీరు. 1,200 ఆర్‌పీఎం దగ్గర పెద్ద గేరులో బలంగా తొక్కితే లోపల పెట్రోలు వేళ కాని వేళ మండుతుంది, పిస్టన్‌కు దెబ్బ. మూడోది మైలేజీ. మెల్లగా పోతే హైవే మీద 17, 18 ఇస్తుంది, పదేపదే తొక్కితే ఊళ్లో 11కు దిగుతుంది. పికప్ తగ్గి ఈల లాంటి చప్పుడు వస్తే వెంటనే టర్బో పోయిందనుకోవద్దు. టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ హోస్ చీలిందేమో, క్లిప్ వదులైందేమో ముందు చూడమనండి. నీలి పొగ వస్తే మాత్రం ఆయిల్ లోపలికి పోతున్నట్టే.

ఇక డీజిల్. మన వైపు పాత స్విఫ్ట్, డిజైర్‌లలోని 1248 సీసీ డీజిల్ ఇంజన్ చాలామందికి ఇప్పటికీ కొలబద్ద. 2,000 దాటితే గాని లాగేది కాదు, అయినా మైలేజీ, మన్నిక అద్భుతం. ఆ అనుభవంతో "డీజిల్ తీసుకో, దేనికీ చూడక్కర్లేదు" అని పెద్దవాళ్లు సలహా ఇస్తారు. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక ఆ మాట చెల్లదు. మారుతి డీజిల్ మానేసింది కూడా అప్పుడే. ఇప్పటి డీజిల్‌కు పొగ గొట్టంలో డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. అందులో చేరిన మసిని ఇంజనే కాల్చుకోవాలి, దానికి 60 పైన వేగంలో ఇరవై నిమిషాలైనా ఆగకుండా పోవాలి. రోజూ నాలుగైదు కిలోమీటర్లే తిరిగితే అది మధ్యలోనే ఆగిపోతూ ఉంటుంది. కాల్చడానికి అదనంగా పోసిన డీజిల్ కిందికి జారి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీసి చూడండి, ఆయిల్ మట్టం తగ్గాల్సింది పోయి పెరిగి, డీజిల్ వాసన వస్తే అదే కారణం. ఆ ఆయిల్ వెంటనే మార్చాలి. డీపీఎఫ్ లైటు వెలిగితే అదే రోజు కరీంనగర్ రోడ్డు ఎక్కి మూడో గేరులోనో నాలుగో గేరులోనో 2,000 ఆర్‌పీఎం తగ్గకుండా నడపాలి.

డబ్బు లెక్క వేసుకుందాం. 2025లో హైదరాబాదులో పెట్రోలు 107 రూపాయల పైన, డీజిల్ 95 రూపాయల పైన ఉండేది, ఆ ధరలతోనే చూద్దాం. టర్బో 14, డీజిల్ 18 ఇస్తుందనుకుంటే కిలోమీటరుకు 7.60, 5.30. ఆన్‌రోడ్ ధరలో తేడా లక్షా ముప్పై వేలైతే దాదాపు 56,000 కిలోమీటర్లకు గాని డీజిల్ గిట్టదు. మామూలు 1.2తో పోలిస్తే, అది 16 ఇచ్చి ధరలో రెండు లక్షల తేడా ఉంటే, లక్షా నలభై వేల కిలోమీటర్లు పడుతుంది. భూపాలపల్లి, రామగుండం, మంచిర్యాల వైపు నెలకు రెండు వేల కిలోమీటర్లు తిరిగేవాళ్లు డీజిల్ కళ్లు మూసుకుని కొనొచ్చు. సోనెట్, వెన్యూల్లో 250 ఎన్ఎం, నెక్సాన్‌లో 260, ఎక్స్‌యూవీ 3ఎక్స్ఓలో 300. నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ ఎక్కేటప్పుడు నిండా జనంతో కూడా గేరు మార్చే పని తక్కువ. పదేళ్లకే బండి పక్కన పెట్టాలన్న నిబంధన ఢిల్లీ పరిసరాలది, మనకు కాదు.

సీఎన్‌జీ ఊళ్లో చవక. కానీ చాలా కార్లలో డిక్కీ చాలావరకు పోతుంది, పికప్ ఇంకా తగ్గుతుంది, ఏజెన్సీ వైపు పోతే చివరికి పెట్రోలు మీదే నడపాలి.

నెలకు ఒకటి రెండుసార్లు హైదరాబాదు, మిగతా రోజులు ఊరు అయితే 1.2 మామూలు ఇంజనే నా ఓటు. ప్రతి వారం నలుగురైదుగురు కలిసి దూరం పోతారా, టర్బో. ఆటోమేటిక్ కావాలంటే ఒక జాగ్రత్త: రెండేళ్లకోసారి మేడారం జాతరకు పోయే దారి లాంటి గంటల కొద్దీ పాకుడులో డ్రై క్లచ్ డీసీటీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్) వేడెక్కుతుంది. బ్రేక్ వదిలి అంగుళం అంగుళం జరపకుండా, మన ముందున్న బండి కొంత దూరం పోయాక ఒకేసారి కదలాలి. మాన్యువల్ గేరు బండిలో సగం క్లచ్ మీద ఆపితే అక్కడే ప్లేటు కాలి వాసన వస్తుంది.

టెస్ట్ డ్రైవ్‌కు షోరూమ్ వాళ్లు చూపించే ఖాళీ రోడ్డు చాలదు. నలుగురిని ఎక్కించుకుని, మధ్యాహ్నం రెండింటికి, ఏసీ పూర్తిగా పెట్టి ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కండి. ఎక్కుడు మధ్యలో పక్కకు ఆపి మొదటి గేరులో కదిలించండి, రెండో గేరులో ఎంత తొందరగా అందుకుంటుందో చూడండి. మామూలు 1.2ది ఒకటి, టర్బోది ఒకటి, ఒకే రోజు నడపండి.