సెకండ్ హ్యాండ్‌లో "హైబ్రిడ్" చిన్న కారు చూస్తున్నారా, నా గతి చూసి వెళ్ళండి

ముందే చెప్తున్నా, కోపంలో టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. పొద్దున పదకొండింటికి ఆ యార్డ్‌లోంచి బయటికొచ్చాను, ఇప్పుడు మూడవుతోంది, ఇంకా అన్నం కూడా తినలేదు. యార్డ్ పేరు రాయను, రాస్తే లీగల్ నోటీస్ పంపిస్తానని ఆయనే సెలవిచ్చాడు. విజయవాడలో పాత బళ్ళ కోసం నాలుగు చోట్ల తిరిగినోళ్ళకి పేరు అక్కర్లేదు లెండి, లోపల అడుగుపెట్టగానే బాదం పాలు చేతిలో పెడతారే, వాళ్ళే. ఆ బాదం పాలు నాకు 75 వేలు పడింది.

మాది మంగళగిరి, ఆఫీసు బెంజ్ సర్కిల్ దగ్గర. నాన్నకి మోకాళ్ళ నొప్పులు, బండి మీద ఎక్కలేకపోతున్నారు, అందుకని చిన్న కారు. వాళ్ళ దగ్గర రెండు మారుతి బలెనోలు ఉన్నాయి, రెండూ 2019వే, ఒకటి మామూలు పెట్రోల్ 5.40 లక్షలు, ఇంకోటి వెనక స్మార్ట్ హైబ్రిడ్ అని బ్యాడ్జ్ ఉన్నది 6.15. తెనాలిలో మా బాబాయి ముప్పై ఏళ్ళుగా మెకానిక్. ఫోన్లో అడిగితే ఒకటే మాట, "ఒరేయ్, మామూలుది తీసుకో, ఆ డెబ్బై అయిదు వేలు పెట్టి టైర్లు మార్పించుకో, మిగిలింది నాన్నకి మందులకి ఉంచు" అన్నాడు. విన్నానా? వినలా. నాకు యూట్యూబ్ ఉంది కదా, బాబాయి ఎందుకు.

ఆ సేల్స్ ఆయన చెప్పిన మాట అక్షరం పొల్లు పోకుండా రాస్తున్నా, ఎందుకంటే రాత్రి నిద్రలో కూడా అదే వినిపిస్తోంది: "సార్, మీరు రోజూ వారధి దాటాలి, బెంజ్ సర్కిల్ ట్రాఫిక్, అక్కడ మామూలు పెట్రోల్ బండి తాగేస్తుంది సార్, ఇది అట్లా కాదు, స్లోగా వెళ్ళేటప్పుడు బ్యాటరీ మీదే పోతుంది, పెట్రోల్ ముట్టుకోదు." నాకు కొంచెం డౌట్ వచ్చి నిజంగానా అంటే ఆర్‌సీ తీసి చూపించాడు, అందులో ఫ్యూయల్ దగ్గర పెట్రోల్ హైబ్రిడ్ అని ఉంది. "గవర్నమెంటే రాసింది సార్, నేను చెప్పడం ఎందుకు" అన్నాడు. గవర్నమెంట్ రాసింది నిజమే, ఈయన చెప్పిన అర్థం మాత్రం గవర్నమెంట్ రాయలేదు.

ఈ హైబ్రిడ్‌లో సిగ్నల్ దగ్గర బండి ఆగితే పెట్రోల్ ఆదాకి ఇంజన్ దానంతట అది ఆగాలి కదా, టెస్ట్ డ్రైవ్‌లో ఆగలేదు. అడిగాను. అడిగానండీ! ఆ మాత్రం తెలివి ఉంది నాకు. "ఏసీ ఫుల్లుగా ఉంది కదా సార్, అందుకని ఆగదు" అన్నాడు. ఏసీ ఎక్కువ ఉంటే ఆగకపోవడం కూడా నిజమే, అక్కడే నమ్మేశాను. సగం నిజం చెప్పేవాడితోనే ప్రమాదం, పూర్తి అబద్ధాలకోరు అయితే ఎక్కడో ఒకచోట దొరికిపోతాడు. ఏసీ ఆపి ఇంకో రౌండ్ వేద్దాం అని నా నోటికి రాలేదు చూడండి, దానికి నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలి.

బండి తెచ్చుకున్న తొమ్మిదో రోజు మీటర్‌లో లైట్ వెలిగింది. మైలేజ్ అప్పటికే పదహారు దాటట్లేదు, కొత్త చేయి కదా అని సర్దిచెప్పుకుంటున్నా. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే అక్కడి కుర్రాడు స్కానర్ పెట్టి, ముందు సీటు కింద ఉండే లిథియం బ్యాటరీ పోయింది సార్ అన్నాడు. మరి బండి ఎలా స్టార్ట్ అవుతోంది అంటే, బానెట్ కింద మామూలు బ్యాటరీ వేరేగా ఉంటుంది, తాళం తిప్పితే దాంతోనే స్టార్ట్ అవుతుంది, అందుకే మీకు తెలియలేదు అన్నాడు. ఈ లైట్ ఇంతకుముందు కూడా వచ్చి ఉంటుంది, ఎవరో చెరిపేసి అమ్మి ఉంటారు, మీరు కొన్న యార్డ్‌లో అడగండి అని కూడా అన్నాడు. కొత్త బ్యాటరీ ఎస్టిమేట్ కాగితం జేబులోనే ఉంది, ఆ అంకె ఇక్కడ రాస్తే మళ్ళీ బీపీ వస్తుంది.

అప్పుడు ఆ కుర్రాడే పాపం పది నిమిషాలు కూర్చోబెట్టి చెప్పాడు, ఈ బండి అసలు బ్యాటరీ మీద నడిచేదే కాదంట. ఇంజన్‌కి బెల్టుతో ఒక చిన్న మోటార్ తగిలించి ఉంటుంది, ఆల్టర్నేటర్ పనీ స్టార్టర్ పనీ రెండూ అదే చేస్తుంది, బ్రేక్ కొట్టినప్పుడు కాస్త కరెంటు దాస్తుంది, పికప్ ఇచ్చేటప్పుడు ఆ కాస్తా ఇంజన్‌కి సాయం పడుతుంది, అంతే. ఒక్క మీటరు కూడా పెట్రోల్ లేకుండా కదలదు, దీన్ని మైల్డ్ హైబ్రిడ్ అంటారంట. బ్యాటరీ మీద కొంతదూరం నడిచేవి వేరే, గ్రాండ్ విటారా, హైరైడర్, హోండా సిటీ వాటిల్లో పెద్ద బ్యాటరీతో వచ్చే స్ట్రాంగ్ హైబ్రిడ్‌లు, వాటి రేట్లు ఎక్కడ, నా ఆరు లక్షలు ఎక్కడ. 2017లోనే ఇలాంటి మైల్డ్ వాటికి కేంద్రం ఫేమ్ సబ్సిడీ (ఎలక్ట్రిక్, హైబ్రిడ్ బళ్ళకి ఇచ్చేది) ఆపేసింది. 2022లో వచ్చిన కొత్త బలెనోలో కంపెనీయే ఈ లిథియం బ్యాటరీ తీసేసి, సిగ్నల్ దగ్గర ఆగే ఫీచర్ ఒక్కటి ఉంచింది. ఇవన్నీ కొన్నాక చదివాను. కొనకముందు చదవడానికి ఏం రోగం అని మీరు అడగక్కర్లేదు, మా ఆవిడ అడిగింది.

కంపెనీ తప్పు ఏం లేదు, అది కూడా చెప్పాలి. వాళ్ళు ఎక్కడా బ్యాటరీ మీద నడుస్తుందని అనలేదు.

ఇక ఈరోజు పొద్దున సంగతి. కాగితం పట్టుకుని వెళ్ళాను, నాన్న కూడా వచ్చారు, వద్దంటే వినలేదు. అదే సేల్స్ ఆయన. బాదం పాలు లేవు, కుర్చీ కూడా లేదు, నాన్న కర్ర పట్టుకుని నిలబడే ఉన్నారు. బ్యాటరీ పోయిన బండి అమ్మారండీ అన్నాను, గొంతు కూడా పెంచలేదు. దానికాయన ఫోన్ చూసుకుంటూ, తల కూడా ఎత్తకుండా, "ఏం మాస్టారూ, అది పేరుకే హైబ్రిడ్, బ్యాటరీ ఉన్నా లేకపోయినా బండికి తేడా ఏం ఉండదు, ఆ బ్యాటరీతో కారు నడుస్తుందా ఎక్కడైనా, చదువుకున్నోళ్ళు మీరు, ఆ మాత్రం తెలీదా" అన్నాడు.

ఇది వినండి మళ్ళీ. బ్యాటరీ మీదే పోతుంది సార్ అని 75 వేలు ఎక్కువ తీసుకున్న నోరే, బ్యాటరీతో కారు నడుస్తుందా అని నన్ను అడుగుతోంది. అమ్మేటప్పుడు బ్యాటరీ బంగారం, పోయాక బ్యాటరీకి విలువే లేదు. డబ్బులు కట్టేదాకా సార్, కట్టాక మాస్టారు. నాకు ఒక్క క్షణం ఏం మాట్లాడాలో కూడా తెలియలేదు, నవ్వొచ్చింది కూడా. మరి తేడా లేకపోతే ఆ 75 వేలు తిరిగివ్వండి, పక్కనున్న మామూలుది 5.40కే కదా అమ్మారు అంటే, డెలివరీ నోట్ తీసి నా మొహం ముందు పెట్టాడు, ఉన్నది ఉన్నట్టుగా కొంటున్నాను, తర్వాత ఏ ఫిర్యాదూ చేయను అని చిన్న అక్షరాల్లో ఉంది, కింద నా సంతకం, చక్కగా, తెలుగులో. పదో తరగతి హాల్ టికెట్ మీద కూడా అంత బాగా పెట్టలేదు. నాన్న "పద నాన్నా, పోదాం" అన్నారు. కారులో దారంతా ఏం మాట్లాడలేదు, అది ఇంకా ఎక్కువ కాలింది.

ఇంటికొచ్చాక లెక్క వేశాను, ముందు వేయాల్సిన లెక్క. కంపెనీ చెప్పిన మైలేజే తీసుకుందాం, మామూలుది 21.01, హైబ్రిడ్ 23.87. నేను ఏడాదికి 12 వేల కిలోమీటర్లు తిరిగితే మిగిలేది 68 లీటర్లు, లీటరు 109 అనుకుంటే ఏడాదికి ఏడున్నర వేలు కూడా లేదు. 75 వేలు రాబట్టాలంటే పదేళ్ళు, అదీ బ్యాటరీ బతికుంటే. 2019 బండికి పదిహేనేళ్ళ ఆర్‌సీ 2034లో అయిపోతుంది. అంటే లాభం మొదలయ్యేలోపు మళ్ళీ రీ రిజిస్ట్రేషన్‌కి డబ్బులు కట్టాలి. పైగా నా దారిలో ఎక్కువ భాగం హైవే, బ్రేక్ కొట్టేదే తక్కువ, ఇక ఆ మోటార్ దాచేదేంటి, నా బొంద.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లయింట్ పెట్టాను, నంబర్ ఇచ్చారు. వాళ్ళు మాట్లాడి తేల్చకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్, అయిదు నుంచి పది లక్షల లోపు బండికి ఫీజు 200 అంట, ఆ 200 మాత్రం సంతోషంగా కడతాను. అమ్మేటప్పుడు చెప్పిన మాటలు వాట్సాప్‌లో రాసి ఇవ్వమని అడగలేదు, అన్నీ నోటి మాటలే, అదొక్కటే భయం.

మీరు చూడబోతుంటే ఏసీ ఆపి, ఇంజన్ వేడెక్కాక సిగ్నల్ దగ్గర ఆగుతోందో లేదో చూడండి, డబ్బు కట్టకముందే సర్వీస్ సెంటర్‌లో స్కాన్ చేయించండి, యార్డ్ వాళ్ళు దానికి ఒప్పుకోకపోతే వచ్చేయండి. అసలు రెండూ ఒకే రేటుకి వస్తే తప్ప మామూలు పెట్రోల్‌దే తీసుకోండి. బాబాయి చెప్పిందే.

బాబాయికి ఇంకా చెప్పలేదు. ఆదివారం భోజనానికి వస్తున్నాడు, బండి చూస్తానన్నాడు. పక్కవీధిలో పెట్టి సర్వీసుకి ఇచ్చానని చెబుదామనుకుంటున్నా.