నీళ్ళ మీద గది: ఒక లాడ్జి మేనేజరు చూసిన ఇనె

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడికి కూతవేటు దూరంలో ఉన్న ఒక లాడ్జిలో 31 ఏళ్ళుగా మేనేజరుగా పనిచేస్తున్నాను. ఎక్కడ దిగినా నేను మొదట చేసే పని దిండు ఎత్తి అడుగువైపు చూడటం. మా ఊళ్ళో గుండు చేయించుకుని చందనం పూసుకున్న యాత్రికులు పడుకున్న దిండు గలీబుకు పసుపుపచ్చ మరక పడుతుంది. ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ మరక వదలదు. అది కనిపించకుండా దిండు తిరగేసి పెట్టే కుర్రాళ్ళను పట్టుకోవడంతోనే నా ఉద్యోగంలో సగం గడిచిపోయింది. జపాన్‌లో ఒక రాత్రి మేము దిగిన బస గురించి రాస్తున్నాను కాబట్టి, ఎలాంటి మనిషి కళ్ళతో చూశానో చదివేవాళ్ళకు ముందే తెలియడం మంచిది.

బస పేరు రాయను. బాగున్నవాటితోపాటు బాగులేనివీ చెప్పబోతున్నాను. మా లాడ్జి మీద పేరు పెట్టి రాసిన ఒక పెద్దమనిషి నాకు వారం రోజులు నిద్ర లేకుండా చేశాడు. ఆ పని నేను ఇంకొకరికి చెయ్యను. ఊరి పేరు మాత్రం ఇనె. క్యోటో నగరం కాదు, అదే పేరున్న రాష్ట్రంలో ఉత్తరాన జపాన్ సముద్రం ఒడ్డున, తాంగో ద్వీపకల్పంలో ఉంది. జనాభా సుమారు రెండు వేలు. గరుడ సేవ రోజున మా వీధిలో టీ తాగేవాళ్ళు అంతకంటే ఎక్కువ ఉంటారు.

మా అమ్మాయి, అల్లుడు క్యోటోలో ఉంటారు. నవంబరులో నేనూ మా ఆవిడా వెళ్ళాం. క్యోటోలో రైలెక్కితే రెండు గంటల్లో అమనోహషిదతె వస్తుంది. అక్కడ సముద్రం మధ్యలో 3.6 కిలోమీటర్ల ఇసుకతిన్నె, దాని మీద పొడవునా పైన్ చెట్లు ఉన్నాయి. కొండెక్కి, వెనుతిరిగి, వంగి కాళ్ళ సందులోంచి చూస్తే అది ఆకాశానికి వేసిన వంతెనలా కనబడుతుందట. అల్లుడు వంగి చూశాడు. నన్ను మా ఆవిడ వంగనివ్వలేదు. అక్కడి నుంచి సముద్రం పక్కనే బస్సులో గంట ప్రయాణం. బస్సులు సుమారు గంటకొకటి ఉంటాయి. ఒకటి తప్పిపోతే పరుగెత్తి పట్టుకోవడానికి వెనుక మరొకటి ఉండదు.

ఇనె ప్రత్యేకత అక్కడి ఫునాయాలు. ఫునె అంటే పడవ, యా అంటే ఇల్లు. పడవ కోసం కట్టిన ఇల్లన్నమాట. దాదాపు 5 కిలోమీటర్ల ఒడ్డు వెంబడి నీటి అంచున సుమారు 230 ఇళ్ళు భుజం భుజం రాసుకుంటూ నిలబడి ఉంటాయి. కింది అంతస్తు నేల సముద్రంలోకి ఏటవాలుగా దిగుతుంది. పడవను అలాగే లోపలికి లాగి పెట్టుకోవడానికి ఆ ఏర్పాటు. పైన ఒకప్పుడు వలలు ఆరవేసేవారట. ఇప్పుడు కొన్నింట్లో పై అంతస్తు మాలాంటి వాళ్ళకు అద్దె గది అయింది. 2005లో ప్రభుత్వం ఈ వరుసను కాపాడవలసిన పాత కట్టడాల జాబితాలో చేర్చింది.

ఇంట్లోకి అడుగు పెట్టిన అయిదు నిమిషాలకే నాకొచ్చిన సందేహం ఒకటే: నీళ్ళు లోపలికి రావా? యజమానురాలు నవ్వి, ఏటవాలు రాతి మీద ఆకుపచ్చ పాచి గీత చూపించింది. పోటుకూ ఆటుకూ అక్కడ మూరెడుకు మించి తేడా రాదట. పైగా ఆ ఖాతం దక్షిణానికి తిరిగి ఉంది, నోటి దగ్గర అవోషిమా అనే చిన్న దీవి అడ్డుగా కూర్చుంది. పెద్ద అల లోపలికి రావాలంటే ఆ దీవిని చుట్టి రావాలి. మేము వెళ్ళింది సరిగ్గా పౌర్ణమి రోజు, పోటు ఎక్కువగా ఉండవలసిన రోజు. పడుకునే ముందు టార్చి వేసి మళ్ళీ చూశాను. నీరు ఆ పాచి గీత దాటలేదు.

ఇక వృత్తి లెక్క. గది ఇచ్చేది మధ్యాహ్నం మూడింటికి, ఖాళీ చేయవలసింది మర్నాడు పదింటికి. అంటే 19 గంటలకు ఒక రోజు అద్దె. మా దగ్గర తెల్లవారుజామున నాలుగింటికి దిగినా 24 గంటలు లెక్కకట్టి ఇస్తాం. ఈ విషయంలో తిరుపతే నయం. యజమానురాలు పాస్‌పోర్టులు అడిగి నకలు తీసుకుంది. విదేశీయులు దిగితే 24 గంటల్లో ఫారం సి పంపడం మాకూ ఉన్నదే కాబట్టి అడగకముందే తీసి ఇచ్చాను. అడ్వాన్సు, తాళానికి డిపాజిట్ ఏమీ లేవు. ఇంటికంతటికీ మేము నలుగురమే. ఆమె రోడ్డుకు అవతలివైపున ఉన్న అసలు ఇంట్లో ఉంటుంది. డెబ్బై ఏళ్ళుంటాయి.

దిండు ఎత్తి చూశాను. మరక లేదు. లోపల దూది కూడా లేదు, సోబా అనే ధాన్యపు గింజల పొట్టు నింపారు. తల తిప్పినప్పుడల్లా చెరుకు ఆకులో ఎలుక తిరిగినట్టు గరగరమంటుంది. తతామి చాపల మీద పరుపు పరుస్తారు, మంచం లేదు. దుప్పటి మడత చూస్తే మాత్రం నాకు అసూయ కలిగింది. నాలుగు పరుపులకూ మడత ఒకే కొలతలో ఉంది. మా కుర్రాళ్ళకు చూపిద్దామని ఫొటో తీసుకున్నాను.

ఇప్పుడు లోపాలు. పై గదికి వెళ్ళే మెట్లు మెట్లు కావు, నిచ్చెనకు అన్నయ్య. పాదంలో సగమే ఆనుతుంది, పట్టుకోవడానికి ఒకవైపు తాడు ఉంది. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కిన కాళ్ళు మావి. అయినా ఆ పన్నెండు మెట్లకు మా ఆవిడ గోవింద నామం అందుకుంది. మరుగుదొడ్డి కింద ఒక్కటే. నీళ్ళు చిమ్మే ఏర్పాటు ఉంది, కూర్చునే చోటు వెచ్చగా ఉంటుంది, ఆ మాటకొస్తే దానికి వంక పెట్టలేం. కానీ అర్ధరాత్రి దానికోసం ఆ నిచ్చెన దిగాలి. గోడలు పలుచని చెక్క. తెల్లవారకముందే పడవల ఇంజన్లు మొదలైతే మన మంచం కిందే ఆటో స్టార్ట్ చేసినట్టుంటుంది, మంచం లేకపోయినా.

స్నానం సంగతి. ముందు బయట కూర్చుని ఒళ్ళు రుద్దుకుని, కడుక్కుని, ఆ తరువాత వేడినీళ్ళ తొట్టిలో దిగాలి. తొట్టిలో నీళ్ళు అందరికీ అవే. అల్లుడు మునిగి లేచిన నీళ్ళలో నేనెలా దిగేదని గొణిగాను. "పుష్కరిణిలో వేలమందితో మునుగుతావు కదా నాన్నా" అంది మా అమ్మాయి. జవాబు దొరకలేదు. దిగాను. చన్నీళ్ళ బకెట్టుకు అలవాటుపడిన నడుము ఆ రాత్రి నాతో మాట్లాడటం మానేసింది. అంత సుఖంగా ఉంది.

భోజనం దగ్గర చిన్న గొడవ జరిగింది. మేము శాకాహారులమని నెల ముందే రాశాం. సరేనన్నారు. ఉదయం టిఫిన్‌లో అన్నం, టోఫు, ముల్లంగి ఊరగాయ, పులియబెట్టిన సోయా ముద్దతో చేసే మిసో చారు పెట్టారు. గిన్నె మూత తీయగానే మా ఆవిడ ముక్కు చిట్లించింది. అమ్మాయి అడిగితే అందులో చేప లేదంది యజమానురాలు. నిజమే, ముక్క లేదు. ఎండుచేప తురుము మరిగించి వడకట్టిన నీళ్ళతో కాచింది. ఆ నీళ్ళనే దాషి అంటారు. వాళ్ళ వంటలో ఆ నీళ్ళు లేని గిన్నె అరుదు. ఉల్లిపాయ లేకుండా కూర కావాలంటే ముక్కలు ఏరేసి ఇచ్చిన మా పక్క హోటలు వంటవాడు గుర్తొచ్చాడు. కోపం రాలేదు. మీరు వెళ్ళేటట్టయితే "చేప వద్దు" అనకండి, "దాషిలో కూడా చేప వద్దు, కొంబు చాలు" అని రాయండి. కొంబు అంటే సముద్రపు నాచు.

రాత్రి భోజనం మేమే తీసుకోలేదు. ఆ ఊరి బూరి చేపకు దేశమంతటా పేరుంది, మాకు దానితో పని లేదు. ఇంటి నుంచి తెచ్చిన పులిహోర గొజ్జును తాంగో బియ్యంతో వండిన అన్నంలో కలిపాం. ఆ అన్నం కమ్మగా ఉంటుంది కానీ పులిహోరకు పనికిరాదు. మెతుకు మెతుకునూ వదలదు. అది పులిహోర కాదు, పులుపు ముద్ద. ఇంగువ వాసన తెల్లవారినా ఇల్లు వదలలేదు.

పౌర్ణమి అన్నాను కదా, అది కార్తిక పౌర్ణమి. మా ఆవిడ 365 వత్తుల కట్టను నేతిలో తడిపి, డబ్బాలో పెట్టి తిరుపతి నుంచి మోసుకొచ్చింది. ఇంటి లోపలే సముద్రం ఉన్నప్పుడు దీపం పెట్టకుండా ఎలా ఉంటానంది. అమ్మాయి స్నానానికి వెళ్ళింది. యజమానురాలు వేడినీళ్ళ ఫ్లాస్కు ఇవ్వడానికి వచ్చింది. మా ఆవిడ ఫోనులో తెలుగులో చెప్పింది, ఫోను జపనీసులో చెప్పింది. ఆమె ముఖం తెల్లబోయింది. ఫోను చెప్పింది "ఈ ఇంట్లో 365 మంటలు పెడతాను" అని అమ్మాయి వచ్చి చూసి చెప్పాక మాకు తెలిసింది.

వత్తుల కట్ట చూపించి, ఒక్కటే దీపమని విప్పి చెప్పాం. అయినా ఆమె చాలాసేపు మాట్లాడలేదు. చుట్టూ చూసింది. దూలాలు, గోడలు, పక్కింటి గోడ, దాని పక్కింటి గోడ, అంతా ఎండిన చెక్క. మా లాడ్జిలో ప్రతి తలుపు వెనుకా "గదుల్లో దీపాలు, అగరుబత్తులు వెలిగించరాదు" అనే బోర్డు ఉంది. రాయించింది నేనే. వెలిగించినవాళ్ళ మీద అరిచిందీ నేనే. ఆమె వద్దంటుందనుకున్నాను. నేనైతే వద్దనేవాణ్ణి.

ఆమె రోడ్డు దాటి వెళ్ళి మట్టి పళ్ళెం ఒకటి, బకెట్టు ఒకటి తెచ్చింది. పళ్ళెంలో నీళ్ళు పోసి, మధ్యలో చదునైన రాయి పెట్టి, ఏటవాలు రాతి మీద నీటికి ఆనించి ఉంచింది. బకెట్టు నిండా సముద్రపు నీళ్ళు తోడి పక్కన నిలబడింది. మా ఆవిడ కట్ట వెలిగించింది. నేయి పట్టిన వత్తులు కదా, మంట జానెడు లేచింది. ఆమె బకెట్టు పిడి మీద చేయి బిగించింది కానీ ఎత్తలేదు. పావుగంట పైనే కాలింది. మబ్బు తొలిగినప్పుడు చంద్రుడు, లేనప్పుడు ఆ మంట నీళ్ళలో ఊగాయి. 365 ఎందుకని అడిగింది. ఏడాదిలో పెట్టడం మరిచిపోయిన దీపాలన్నింటికీ బదులు అని మా అమ్మాయి చెప్పింది. ఆమె ఏదో అంది. "అయితే రేపటి నుంచి మళ్ళీ మరిచిపోవచ్చు" అందట. చివరి నిప్పు ఆరిందాకా ఉండి, మసి మీద నీళ్ళు చల్లి, పళ్ళెం తీసుకుని వెళ్ళింది. అంతసేపూ ఒక్కసారి కూడా గడియారం చూసుకోలేదు.

ఉదయం ఇంటి ముందు నీళ్ళలో తాడుతో కట్టిన బోను పైకి లాగింది. మొందోరి అంటారు. చేపల తలకాయలు వేసి రాత్రి వదిలేస్తే చిన్న చేపలు దూరుతాయి. మూడు దొరికాయి. గద్ద ఒకటి పైకప్పు మీద కూర్చుని మాకంటే శ్రద్ధగా చూస్తోంది.

ఊరి గురించి రెండు మాటలు. ఖాతం చుట్టూ తిప్పే పడవలో 25 నిమిషాలు తిరిగాం. పక్షులకు వేయడానికి రొయ్యల అప్పడాలు అమ్ముతారు, అవి చేతిలోంచే ఎత్తుకుపోతాయి. పిల్లలుంటే ఎక్కండి. 1754 నుంచి నడుస్తున్న ముకాయ్ అనే సారాయి దుకాణంలో ఎర్రబియ్యంతో చేసిన సాకె దొరుకుతుంది. దానిమ్మ రంగులో ఉంది, అల్లుడు ఒక సీసా కొన్నాడు, మేము చూడనట్టు నటించాం. బస్సులో ఇంకొంచెం ముందుకు వెళితే ఉరా గుడి ఉంది. ఉరాషిమా అనే బెస్త యువకుడు 478లో సముద్రం అడుగున ఉన్న లోకానికి వెళ్ళి, కొన్నేళ్ళే ఉన్నాననుకుని 825లో తిరిగొచ్చాడని స్థలపురాణం. కూతురు రేవతికి వరుణ్ణి అడగడానికి బ్రహ్మలోకానికి వెళ్ళి, తిరిగొచ్చేసరికి యుగాలు గడిచిపోయిన కకుద్మి కథ మా ఆవిడ బస్సులో అల్లుడికి మొత్తం చెప్పింది. అతను నిద్రపోలేదు, అది రాయవలసిన విషయమే.

మీరు గొడుగు లేకుండా వెళ్ళకండి. "అన్నం మూట మరిచినా గొడుగు మరవకు" అని ఆ ప్రాంతంలో సామెత ఉంది. మేమున్న ఒక్క రోజులో ఎనిమిదిసార్లు వాన వచ్చి వెళ్ళింది. ఇళ్ళ లోపలికి తొంగి చూడకండి, వాటిలో ఎక్కువ భాగం జనం కాపురముంటున్న ఇళ్ళే.

బిల్లు: మనిషికి 14,000 యెన్‌లు, నలుగురికి 56,000. మన లెక్కలో 32 వేలు దాటుతుంది. ఆ డబ్బుకు మా ఊళ్ళో ఏసీ గదుల్లో రెండు వారాలు ఉండవచ్చు. బల్ల మీద వెయ్యి యెన్‌లు విడిగా వదిలి వచ్చాం. బస్సు వచ్చేలోపు ఆమె ఆ నోటును కవరులో పెట్టి తెచ్చి, రెండు చేతులతో తిరిగి ఇచ్చేసింది.

నేను అయిదుకు నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను. తగ్గించిన ఆ ఒక్కటీ మెట్లకే, చారును క్షమించాను. మా ఆవిడ మాత్రం అయిదూ ఇవ్వమంటోంది, మోకాళ్ళకు జండూబామ్ రాసుకుంటూ.