కిరోరో పాటల వెంట ఒకినావా: యోమితాన్‌లో రెండు రాత్రులు, కొహామాలో ఒకటి

జపాన్ గాయనుల జంట కిరోరో పాటల్లో జనం నోళ్లలో బాగా నానినవి మూడు. ‘నగాయ్ ఐదా’, ‘మిరాయ్ ఎ’ 1998లో వచ్చాయి, ‘బెస్ట్ ఫ్రెండ్’ 2001లో. పాడే తమాషిరో చిహారు, పియానో వాయించే కిన్‌జో అయానో ఇద్దరిదీ ఒకే ఊరు. ఒకినావా ప్రధాన దీవికి పడమటి ఒడ్డున ఉన్న యోమితాన్. మూడో పాట మాత్రం ఇంకా దక్షిణాన ఉన్న కొహామా దీవికి ముడిపడిపోయింది. ఈ రెండు చోట్లకీ వెళ్లాలనుకునేవాళ్లకి ఎక్కడ ఎంతసేపు ఉండాలో, డబ్బు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టక్కర్లేదో ఇక్కడ చెబుతున్నాం.

ముందుగా ఒక జాగ్రత్త. హోటల్ యాప్‌లో ‘కిరోరో’ అని వెతికితే వచ్చేది హొక్కైదోలోని స్కీయింగ్ రిసార్టు. అది దేశానికి ఉత్తరపు కొస, మీరు వెళ్లేది దక్షిణపు కొస. ఈ జంట పేరు కూడా హొక్కైదోలోని ఐనూ జనం భాష నుంచి తీసుకున్నదే కాబట్టి పొరపాటు సులువుగా జరుగుతుంది. వెతికేటప్పుడు ‘యోమితాన్’ అనే కొట్టండి.

యోమితాన్‌లో ఈ జంట మ్యూజియం చూద్దామని వెళ్లకండి. జనాభా 40 వేలు దాటినా హోదాకి అది ఇంకా గ్రామమే. 2014 నుంచి జపాన్ గ్రామాలన్నిటిలోకీ ఎక్కువ జనం ఉన్నది ఇదే. ఊరికి పేరు తెచ్చినవి మట్టిపాత్రలు, ఊదారంగు చిలగడదుంప, రాతికోట. ‘మిరాయ్ ఎ’ తల్లిని తలుచుకుంటూ రాసిన పాట. కాళ్ల కింద దారిని చూడమంటూ మొదలై, తర్వాత ముందుకు చూడమంటుంది. ఆ నెమ్మది ఊళ్లో దొరకాలంటే తీరిక కావాలి. ఒకినావా రాజధాని నాహా నుంచి పొద్దున వచ్చి సాయంత్రానికి తిరిగిపోయే ప్రయాణంలో సగం రోజు రోడ్డుకే పోతుంది. రెండు రాత్రులు యోమితాన్‌లోనే ఉండమని మా సలహా.

కారా, బస్సా అంటే కారే. నాహా విమానాశ్రయం నుంచి యోమితాన్ 30 కిలోమీటర్ల చిల్లర, కానీ 58వ నంబరు జాతీయ రహదారి మీద పొద్దునా సాయంత్రం గంటన్నర పట్టినా పట్టొచ్చు. ఊళ్లో చూడాల్సినవి ఒకదానికొకటి దూరం. మన దేశంలో ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ 1949 జెనీవా ఒప్పందం ప్రకారం ఉన్నదే కాబట్టి జపాన్‌లో చెల్లుతుంది. దాన్ని ఇంటి దగ్గరే ఆర్టీఏ ఆఫీసులో తీసుకోవాలి, జపాన్ చేరాక వీలుపడదు. పర్మిట్‌తో పాటు పాస్‌పోర్టూ, అసలు లైసెన్సూ వెంట ఉండాలి. మనలాగే ఎడమవైపు నడపడం కాబట్టి చేయి తిరగడానికి రోజు పట్టదు. వానలో మాత్రం నెమ్మదిగా వెళ్లండి. ఇక్కడి రోడ్ల తారులో పగడపు సున్నపురాయి కంకర కలుపుతారు. అది అరిగి నున్నబడుతుంది, తడిస్తే టైరు జారుతుంది.

అద్దె కారు తీసుకునేటప్పుడు బీమాలో రెండు సంగతులు విడివిడిగా చూసుకోండి. ఒకటి బండి మరమ్మతు ఖర్చు. రెండోది, మరమ్మతు జరిగినన్ని రోజులూ బండి తిరగనందుకు కట్టే సొమ్ము. బండి నడిచే స్థితిలో ఉంటే సాధారణంగా 20 వేల యెన్లు, నడవకపోతే 50 వేలు. మామూలు బీమా దీన్ని మొయ్యదు, రోజుకి కొంత అదనంగా కట్టే పైస్థాయి బీమా తీసుకుంటేనే పోతుంది. ఆ అదనం కట్టడం మంచిది. నావిగేటర్లో జపనీస్ అక్షరాలు కొట్టలేకపోతే ఆ చోటి ఫోన్ నంబరో, మ్యాప్‌కోడ్ అనే అంకెల వరసో కొడితే చాలు.

కారు వద్దనుకుంటే నాహా బస్ టెర్మినల్ నుంచి 28, 29 నంబర్లు యోమితాన్ వస్తాయి. యాచిమున్ నో సాతో (కుమ్మరుల పల్లె) వైపు అయితే 58వ రహదారి మీద నడిచే 20, 120 ఎక్కి ఒయాషి దగ్గర దిగి నడవాలి. ఎక్కగానే అంకె ఉన్న చీటీ తీసుకోండి. దిగేటప్పుడు డ్రైవరు పైన ఉన్న బోర్డులో ఆ అంకె కింద ఎంత చూపిస్తే అంత కట్టాలి. పెట్టెలో వెయ్యి యెన్ల నోటుకే చిల్లర వస్తుంది. పదివేల నోటు తీస్తే అందరూ ఆగాల్సిందే, కాబట్టి ముందే మార్చుకోండి.

జకిమి కోటకి పొద్దున్నే వెళ్లండి. ప్రవేశ రుసుము లేదు, తలుపులూ లేవు. 15వ శతాబ్దం మొదట్లో గొసమరు అనే సామంతుడు కట్టించాడు, 2000లో యునెస్కో జాబితాలో చేరింది. గోడలు తిన్నగా ఉండవు, చీర కుచ్చిళ్లలా వంపులు తిరుగుతాయి. కమాను ద్వారం దగ్గర ఆగి నడినెత్తిన చూడండి. రెండు వైపుల రాళ్లూ కలిసే చోట మేకు కొట్టినట్టు ఒక చిన్న రాయి బిగించి ఉంటుంది. అలా బిగించిన రాయి ఒకినావా కోటల్లో అరుదు. గోడ పైకెక్కితే తూర్పు చైనా సముద్రం కనిపిస్తుంది, కానీ అంచున పట్టుకోవడానికి ఏమీ ఉండదు. పిల్లల చేయి వదలకండి. పక్కనున్న యుంతాంజా మ్యూజియంకి మాత్రం టికెట్ ఉంది, ఊరి చరిత్ర అర్థం కావాలంటే ఒక గంట దానికి ఇవ్వొచ్చు. 1945 ఏప్రిల్ 1న అమెరికా సేనలు దిగింది ఈ ఒడ్డునే. ఆ రోజుల్లో 80 మందికి పైగా పౌరులు ప్రాణాలు కోల్పోయిన చిబిచిరి గామా గుహ ఊళ్లోనే ఉంది. లోపలికి వెళ్లకూడదు. ముందర మౌనంగా నిలబడి వచ్చేయాలి, ఫోటోల కోసం వెళ్లే చోటు కాదు.

కోట నుంచి రెండు కిలోమీటర్ల లోపే యాచిమున్ నో సాతో, అంటే కుమ్మరుల పల్లె. నాహాలోని త్సుబోయాలో కట్టెల పొగ మీద ఆంక్షలు రావడంతో కిన్‌జో జిరో అనే పెద్ద కుమ్మరి 1972లో తన ఆవాన్ని ఇక్కడికి మార్చారు. ఆ తర్వాత మిగతావాళ్లూ వచ్చారు. వాలు మీద మెట్లు మెట్లుగా పైకి పాకే తొమ్మిది గదుల ఉమ్మడి ఆవం, దాని మీద ఎర్ర పెంకుల కప్పు తప్పక చూడాలి. మంట కింద గదిలో మొదలవుతుంది, ఆ వేడి పై గదులకి ఎక్కుతుంది, ఒక్కో గదికీ విడిగా పక్కనుంచి కట్టె అందిస్తారు.

కొనేటప్పుడు గిన్నె లోపల చూడండి. అడుగున గాజుపూత లేని గుండ్రని గీత కనబడితే అది లోపం కాదు. ఆవంలో గిన్నె మీద గిన్నె పేర్చి కాలుస్తారు. పూత ఉంటే రెండూ అతుక్కుపోతాయి కాబట్టి అంతమేర గీకేస్తారు. ఇంటికి తెచ్చాక మాత్రం ఇక్కడే చిక్కు. పూత లేని మట్టి పసుపునీ నూనెనీ పీల్చేస్తుంది, పప్పుచారు నేరుగా పోస్తే ఆ వలయం శాశ్వతంగా పసుపు తిరుగుతుంది. ప్రతిసారీ వడ్డించే ముందు కాసేపు నీళ్లలో ఉంచితే మట్టి ముందే నీటితో నిండి మరక అంతగా పట్టదు. పళ్లేలు బరువు, నాలుగైదు కొంటే క్యాబిన్ సంచీ నిండిపోతుంది. చెక్-ఇన్ సామాన్లో మాత్రం వేయకండి.

సాయంత్రానికి జాంపా అంతరీపం. తెల్లటి లైట్‌హౌస్, 30 మీటర్ల కొండరాతి అంచు, నేరుగా సముద్రంలోకి పొద్దు గుంకడం. జూన్‌లో సూర్యాస్తమయం 7:25 ప్రాంతంలో, డిసెంబరులో 5:40కే. లైట్‌హౌస్ ఎక్కే వేళలు అంతకుముందే అయిపోతాయి, ఎక్కాలనుకుంటే ముందే రండి. గాలి ఎక్కువ, టోపీలు నిలవవు.

బసకి పడమటి ఒడ్డున పెద్ద రిసార్టులున్నాయి. హోటల్ నిక్కో అలివిలా, జాంపా దగ్గరి గ్రాండ్ మెర్క్యూర్, అన్నిటికన్నా ఖరీదైన హోషినోయా. మొదటి రెండింటికీ విమానాశ్రయం నుంచి లిమోసిన్ బస్సు ఉంది, అది కారు లేనివాళ్లకి పెద్ద వెసులుబాటు. కుటుంబంతో వెళ్లే శాకాహారులకి మాత్రం వంటగది ఉన్న అద్దె ఇల్లే మేలు. కారణం భోజనం. ఒకినావా సోబా (నూడుల్స్) పులుసు పంది ఎముకలతో, ఎండుచేపతో కాచి ముందే సిద్ధం చేస్తారు, మాంసం ముక్కలు తీసేయమన్నా పులుసు మారదు. కాకరకాయ వేపుడు గోయా చంపూరూలోనూ పంది మాంసమో డబ్బా మాంసమో కలుస్తుంది. ‘నికు నషి, సకానా నషి, దాషి నషి’ (మాంసం వద్దు, చేప వద్దు, దాషి వద్దు) అని చెప్పండి. మూడో మాట మర్చిపోతే చేపల సారం వచ్చేస్తుంది. జేఏ (రైతుల సహకార సంఘం) వాళ్ల రైతు బజారులో కాకర, బొప్పాయి, చిలగడదుంప తాజాగా దొరుకుతాయి. ఊరికి దక్షిణాన కదేనా వైమానిక స్థావరం ఉంది, అటువైపు బసల్లో విమానాల మోత ఎక్కువ. నిద్ర తేలికైనవాళ్లు ఉత్తరపు చివర చూసుకోండి.

తినుబండారాల్లో ఊదా చిలగడదుంప టార్టు ఈ ఊళ్లోనే 1986లో పుట్టింది, గుడ్డు ఉంటుంది. టార్టు ఎన్నయినా తీసుకెళ్లొచ్చు కానీ పచ్చి దుంపని ఒకినావా దాటించడం చట్టం ఒప్పుకోదు. దుంపని తొలిచే ముక్కుపురుగు ప్రధాన జపాన్‌కి పాకకుండా పెట్టిన నియమం అది. మన మొరంగడ్డలాగే కాల్చుకుని ఇక్కడే తినేయండి.

ఇక కొహామా. 2001 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా జపాన్ ప్రభుత్వరంగ టీవీ ఎన్‌హెచ్‌కేలో వచ్చిన ఉదయపు సీరియల్ ‘చురాసన్’ ఈ దీవిలో మొదలవుతుంది, దాని టైటిల్ పాట ‘బెస్ట్ ఫ్రెండ్’. నాహా నుంచి ఇషిగాకికి విమానంలో గంట, అక్కడి రేవు నుంచి కొహామాకి వేగపు పడవలో అరగంట. పొద్దున వెళ్లి సాయంత్రం తిరిగి రావడం వీలే, అయినా ఒక రాత్రి ఉండండి. ఆఖరి పడవ వెళ్లాక దీవి ఎంత నిశ్శబ్దమవుతుందో అప్పుడే తెలుస్తుంది. రాత్రి తినడానికి చోట్లు తక్కువ కాబట్టి రెండు పూటల భోజనం కలిపిన మిన్‌షుకునే (ఇంటివాళ్లు నడిపే చిన్న బస) బుక్ చేసుకుని, శాకాహారం సంగతి బుకింగ్ రోజే చెప్పండి.

సీరియల్లో కథానాయిక ఇల్లుగా చూపిన కొహాగురా ఇల్లు ప్రైవేటు ఆస్తి. వీధిలోంచి చూసి రావడమే, గేటు దాటకూడదు. అంతకన్నా మనసుకి పట్టేది షుగర్ రోడ్, చెరకు తోటల మధ్య ఎగుడుదిగుడుగా తిన్నగా సాగే దారి. జనవరి నుంచి మార్చి దాకా చెరకు నరుకుతారు, అప్పుడు వెళితే రెండు పక్కలా బోడి నేల కనిపించి నిరాశ కలుగుతుంది. అక్టోబరు, నవంబరుల్లో తోట మనిషిని మించి ఎదిగి ఉంటుంది. దీవిలో ఎత్తయిన చోటు ఉఫుదకి 99 మీటర్లే, కానీ దారులన్నీ ఎత్తుపల్లాలు. మామూలు సైకిలు తీసుకుంటే మధ్యాహ్నానికి తోసుకుంటూ నడవాల్సివస్తుంది, బ్యాటరీ సైకిలే తీసుకోండి. నగదు సరిపడా తెచ్చుకోండి.

జూలై నుంచి సెప్టెంబరు దాకా తుపానుల కాలం. తుపాను ఇంకా దూరంలో ఉండగానే అలలు పెరిగి పడవలు ఆపేస్తారు. అందుకే కొహామాని యాత్ర చివర్లో పెట్టుకోకండి. ముందు కొహామా, తర్వాత యోమితాన్ అయితే ఒకరోజు దీవిలో ఇరుక్కున్నా ఇంటికెళ్లే విమానం తప్పదు.

చివరి రాత్రి నాహాలో ఒక గంట కరోకేకి ఇవ్వండి, ‘నగాయ్ ఐదా’కి అదే సరైన చోటు. వారపు రోజుల్లో పగలు చవక, శుక్ర, శనివారాల రాత్రులు ఖరీదు. గది అద్దె కాక మనిషికి ఒక పానీయం తప్పనిసరి అనే చోట్లు చాలా ఉన్నాయి, లోపలికి వెళ్లే ముందే అడగండి. తెరమీద కాంజీ (చైనా నుంచి వచ్చిన) అక్షరాల పైన, ఎలా పలకాలో చెప్పే హిరగానా లిపి చిన్నగా వస్తుంది. అది చదవలేకపోతే పాట మాటలు తెలుగు లిపిలో ఫోన్లో రాసుకుని వెళ్లండి. శ్రుతి బొత్తాం ఒక్క నొక్కుకి అరస్వరం మారుతుంది, చరణం దగ్గర కాదు, పల్లవిలో ఎత్తయిన చోట మీ గొంతు ఎంత అందుతుందో చూసి దించుకోండి. పక్క గదిలోంచి ‘మిరాయ్ ఎ’ బాణీ చైనీస్ మాటలతో వినబడవచ్చు. తైవాన్ గాయని రెనే ల్యూ పాడిన ‘హౌ లాయ్’ అది, ఇక్కడికొచ్చే తైవాన్ యాత్రికులకి ఆ బాణీ కంఠతా వచ్చు.