మా అపార్ట్‌మెంట్ కేబుల్ నెట్: స్పీడుకి 4, తాళానికి 1

కూకట్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్‌కి రెండేళ్లుగా లోకల్ కేబుల్ ఆయన ఇచ్చే నెట్టే. పేరెందుకులెండి, మనిషి మంచాడే. నెలకి 600, 100 ఎంబీపీఎస్ అన్నాడు, 90కి తగ్గదు. ఆగినా ఫోన్ చేస్తే గంటలో కుర్రాడొస్తాడు.

మొన్న సంక్రాంతికి ఐదు రోజులు ఊరెళ్తూ ఫ్రిజ్ తప్ప అన్నీ ఆపేశాం, రూటర్ ప్లగ్గు కూడా పీకేశాం. తిరిగొచ్చి ఆన్ చేస్తే వైఫై ఉంది, నెట్ లేదు. రూటర్ పేజీలో ‘అథెంటికేషన్ ఫెయిల్డ్’. రీఛార్జ్ అయిపోయిందేమో అని చూస్తే ఇంకా 12 రోజులుంది గానీ, మేం ఊళ్లో అరిసెలు తింటున్న రోజుల్లో 46 జీబీ వాడినట్టు లెక్క!

కుర్రాడొచ్చి తేల్చిందేంటంటే, మా ఐడీతో ఇదే బిల్డింగ్‌లో ఇంకెవరి రూటరో లాగినై ఉంది, ఒక ఐడీకి ఒక కనెక్షనే కాబట్టి మమ్మల్ని సర్వర్ రానివ్వట్లేదు. ఐడీ ఏమో అపార్ట్‌మెంట్ పేరు, పక్కన ఫ్లాట్ నంబరు. పాస్‌వర్డ్ 1234. “అందరికీ అదే పెడతాం సార్, గుర్తుంటుందని” అన్నాడు. వైరు ఉంటే చాలదు, ఐడీ, పాస్‌వర్డ్ చెప్తేనే లోపలికి రానిచ్చే ఈ పీపీపీఓఈ పద్ధతి మంచిదే, 1234 పెడితే అది మాత్రం ఏం చేస్తుంది? 46 జీబీ పోతే పోయింది, వాడెవడో ఆ ఐదు రోజులూ ఏం చూశాడో, ఏం పంపాడో, రేపు ఎవరైనా అడిగితే లాగ్‌లో ఉండేది నా ఐడీ. అదీ నా టెన్షన్.

గట్టిగా అడిగాక పాస్‌వర్డ్ మార్చి, మ్యాక్ బైండింగ్ చేశాడు, అంటే మా రూటర్‌ మ్యాక్ నంబరుకి (ప్రతి రూటర్‌కీ ఉండే గుర్తింపు నంబరు) తప్ప ఆ ఐడీ పని చేయదు. కాకపోతే రూటర్ మార్చినప్పుడల్లా ఆయనకి ఫోన్ కొట్టాలి. పైగా ఆ నంబరుని కాపీ కొట్టే ఆప్షన్ చాలా రూటర్లలోనే ఉంటుంది, కాబట్టి అదొక్కటే నమ్ముకుంటే లాభం లేదు.

పన్లో పని రూటరూ చూశా. బ్రౌజర్‌లో 192.168.1.1 కొడితే వచ్చే సెట్టింగుల పేజీ, యూజర్ పేరు అడ్మిన్, పాస్‌వర్డ్ అడ్మిన్‌కే తెరుచుకుంది. వైఫై పాస్‌వర్డ్ నా ఫోన్ నంబరు, కుర్రాడు పెట్టిందే. వైఫై పాస్‌వర్డ్ బదులు పిన్ కొట్టినా కనెక్ట్ చేసే డబ్ల్యూపీఎస్ ఆన్‌లోనే ఉంది. దాని పిన్ 8 అంకెలైనా రూటర్ రెండు ముక్కలుగా సరిచూస్తుంది కాబట్టి 11,000 ప్రయత్నాల్లో దొరికిపోతుందని 2011లోనే బయటపడింది. ఆపేశా.

తాళానికి ఆ ఒక్క మార్కూ అడిగితే మార్చాడని. వాడిందెవరో కుర్రాడు చెప్పలేదు. ఆ సాయంత్రమే లిఫ్ట్‌లో పై ఫ్లోర్ ఆయన పలకరించాడు: “మీకు నెట్ వస్తోందాండీ? మాకు పొద్దున్నుంచీ లేదు.”