పుంజా, పెట్టా? ఒక రోజు వయసు కోడిపిల్లల్ని కొనడం మేలా, రెండు నెలలవి కొనడం మేలా?

"అన్నా, ఈ ఫోటో చూసి పెట్టలెన్నో పుంజులెన్నో చెప్పవా" అని వారానికొకరైనా మెసేజ్ పెడుతున్నారు. ఫోటోలో ఒక అట్టపెట్టె, అందులో ఆరేడు పసుపు ఉండలు. వాటిని చూసి చెప్పగలిగేవాణ్ణయితే ఈపాటికి ఏదో ఒక హేచరీ వాళ్లు నన్ను జీతమిచ్చి పెట్టుకునేవాళ్లు.

మదనపల్లె వైపు మా ఊళ్లో ఈ ప్రశ్న ఎవరూ అడగరు. పుంజులు ఎక్కువైతే పండక్కి కూరవుతాయి, అంతే. బెంగళూరులో లెక్క వేరు. థర్టీ-ఫార్టీ సైట్లో మూడంతస్తుల ఇల్లు, గోడకి గోడ ఆనుకుని పక్కిల్లు, టెర్రస్ మీద మన కోళ్లగూడు. పెట్ట అరిస్తే ఎవరూ పట్టించుకోరు. పుంజు తెల్లవారుజామున నాలుగున్నరకి మొదలుపెట్టిందంటే ఏడింటికల్లా లేఅవుట్ వాట్సాప్ గ్రూపులో మన ఇంటి నంబరు ఉంటుంది. కాబట్టి రోజు వయసు పిల్లల్ని తెచ్చి మనమే గుర్తుపట్టుకోవడమా, రెండు నెలలు దాటినవి కాస్త ఎక్కువ డబ్బు పెట్టి కొనడమా అన్నది ఇక్కడ నిజంగా తేల్చుకోవాల్సిన విషయమే.

నిరుడు నేను మొదటి దారిలోనే వెళ్లాను. సంతలో నాటి కోళి (మన నాటుకోడి) పిల్లలమ్మే ఆయన "ఎల్లా హెణ్ణే సార్", అంటే అన్నీ ఆడవే సార్, అన్నాడు. ఆయన మాట నమ్మకుండా యూట్యూబ్‌ని నమ్మాను. రెక్కని వేళ్లతో మెల్లగా విప్పి వెలుతురుకి పెడితే రెండు వరసల ఈకలు కనిపిస్తాయి. కింది వరసవి రెక్క ఈకలు, వాటి మొదళ్లని కప్పుతూ పై వరస. కింది వరస బాగా పొడుగ్గా ఉంటే పెట్ట. రెండూ సమానంగా ఉన్నా, పై వరసే పొడుగ్గా ఉన్నా పుంజు. అలా ఒక్కోదాన్నీ చూసి ఆరు 'పెట్టల్ని' ఏరుకున్నాను. నాలుగు పుంజులయ్యాయి. కళ్లు మూసుకుని ఏరుకున్నా సగం పెట్టలొచ్చేవి.

పద్ధతి తప్పు కాదు, నేను వాడిన చోటు తప్పు. కోళ్లలో పిల్ల ఆడో మగో తేల్చేది తల్లి. పుంజుకి రెండు జెడ్ క్రోమోజోములుంటాయి, పెట్టకి ఒక జెడ్, ఒక డబ్ల్యూ. పెట్ట తన ఒక్క జెడ్‌ని కొడుకుకే ఇస్తుంది, కూతురికి డబ్ల్యూ ఇస్తుంది. ఈకలు త్వరగా వస్తాయా, ఆలస్యంగా వస్తాయా అనే గుణం ఆ జెడ్ మీదే ఉంది. తల్లి ఆలస్యంగా ఈకలొచ్చే రకం, తండ్రి త్వరగా వచ్చే రకం అయ్యేలా హేచరీ వాళ్లు కావాలని జత కడితే, కూతుళ్లు తండ్రిలా త్వరగా, కొడుకులు తల్లిలా ఆలస్యంగా ఈకలు వేస్తారు. అప్పుడే రెక్క నిజం చెబుతుంది, అదీ పుట్టిన ఒకటి రెండు రోజుల్లోపే. సంతలో దొరికే నాటు పిల్లలకి తల్లెవరో తండ్రెవరో అమ్మేవాడికే తెలియదు. అక్కడ రెక్క చూడటం చిలక జోస్యం.

రంగు చూసి చెప్పడంలోనూ ఇదే సూత్రం. గోధుమరంగు గుడ్లు పెట్టే కమర్షియల్ లేయర్ రకాల్లో బంగారు రంగు పుంజుని, వెండి రకం పెట్టని జత కడతారు. ఆడపిల్లలు ఎర్రగా, మగపిల్లలు తెలుపు కలిసిన లేత పసుపుగా పుడతాయి. తెలిసిన హేచరీ నుంచి అలాంటి పిల్లలే తెచ్చుకుంటే రోజు వయసులో ఇంతకంటే నమ్మకమైన గుర్తు మనలాంటివాళ్లకి లేదు. ఇలా వేరుచేశాక మిగిలిన లేయర్ మగపిల్లలే గులాబీ, ఆకుపచ్చ రంగులు పూసుకుని జాతరల్లో, స్కూళ్ల ముందు బుట్టల్లో తేలేవి. ఊళ్లో 'ఇవి పుంజులే' అని దాదాపు కళ్లు మూసుకుని చెప్పగలిగేది ఆ బుట్టని చూసే.

పిల్ల వెనక ద్వారాన్ని నొక్కి చూసే వెంట్ సెక్సింగ్ 1920ల్లో జపాన్‌లో రూపుదిద్దుకుంది. ఆరితేరినవాళ్లు గంటకి వెయ్యి దాకా చూసేస్తారట. మనం నొక్కితే పిల్ల పేగులు చితుకుతాయి, వద్దు. ఈక పంపి డీఎన్ఏ పరీక్ష చేయించొచ్చు, కోడి ధరకంటే ఆ ఖర్చే ఎక్కువ. గుడ్డు మొన తేలితే పుంజు, మెడ పట్టి ఎత్తితే కాళ్లు ముడుచుకునేది పెట్ట అనేవి మా అమ్మమ్మ కూడా నవ్వుతూ చెప్పిన మాటలు.

చాలామంది వదిలేసేది జాతి సంగతి. నా మటుకు అసలు కీలకం అదే. జాతి తెలియకపోతే ఏ గుర్తూ పనికిరాదు. మనవాళ్లు డేగ, కాకి, నెమలి, సేతువ అంటారు. అవి పుంజు ఈకల రంగుని బట్టి పెట్టిన పేర్లు, జాతులు కావు, పైగా పిల్ల నూగు రంగు చూసి చెప్పలేం. గిరిరాజ, స్వర్ణధార ఇక్కడి బెంగళూరు రకాలు, వనరాజ, గ్రామప్రియ హైదరాబాద్ రాజేంద్రనగర్‌వి. వీటి పిల్లలు రకరకాల రంగుల్లో ఉంటాయి. చూసి గుర్తుపట్టడం కన్నా హెబ్బాళ వెటర్నరీ కాలేజీ, హెసరఘట్ట కేంద్ర పౌల్ట్రీ సంస్థ లాంటి చోట్ల అడిగి తెచ్చుకోవడం తేలిక. పుట్టిన రోజే కంటికి కనిపించేవి కొన్నే: ఈకల్లేని మెడ, సిల్కీ జాతికి అయిదో వేలు, పందెం జాతి అసీల్‌కి తల మీద రంపంలా లేవకుండా బఠాణీల్లా అణిగి ఉండే జుట్టు. కడక్‌నాథ్ పిల్ల నీలం కలిసిన నలుపు, వీపు మీద ముదురు చారలు. నాలుక, కాళ్లు కూడా చూడండి, గులాబీ రంగు కనిపిస్తే సంకరం అనుకోవచ్చు.

ఇదెందుకు ముఖ్యమంటే, మామూలు రంపం జుట్టు రకాల్లో అయిదారు వారాలకి పుంజుపిల్ల జుట్టు పెద్దదై ఎర్రబడుతుంది, పెట్టది చిన్నగా, పాలిపోయి ఉంటుంది. కడక్‌నాథ్‌కి జుట్టే నలుపు, ఎరుపు కోసం చూస్తే మోసపోతాం. అసీల్ జుట్టు చాలా రోజులు ఏమీ చెప్పదు. వీటికి పది పన్నెండు వారాలు ఆగి, తోక మొదలు దగ్గర ఈకలు చూడాలి: మొనదేలి, సన్నగా, మెరుస్తూ వేలాడితే పుంజు, గుండ్రంగా ఉంటే పెట్ట.

అందుకే నా ఓటు రెండు నెలలు దాటినవాటికే. ధర మూడు నాలుగు రెట్లు ఉంటుంది, నిజమే. రోజు పిల్లలు చేతిలో పెరిగి మచ్చికవుతాయి, ఇంట్లో పిల్లలకి అదో సరదా, అదీ నిజమే. కానీ మొదటి వారం బల్బు కింద 35 డిగ్రీలు ఉంచాలి, ఆ తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి. డిసెంబరులో బెంగళూరు టెర్రస్ మీద రాత్రి 15 డిగ్రీలకి దిగుతుంది. లసోటా (కొక్కెర తెగులు టీకా), గంబోరో టీకా చుక్కలు తేదీ తప్పకూడదు. ఇంత చేశాక సగం పుంజులని తేలితే వాటిని ఎవరికివ్వాలన్న టెన్షన్ మళ్లీ వేరే. రెండు నెలల పెట్ట ఆ గండాలన్నీ దాటి వస్తుంది. కొనేటప్పుడు ఎనిమిదో వారం ఆర్‌టూబీ (ఇదీ కొక్కెర తెగులు టీకానే) సూది పడిందా అని అడగండి, పుంజయితే మార్చి ఇస్తానని రాయించుకోండి, తెచ్చాక పది రోజులు పాత కోళ్లకి దూరంగా ఉంచండి.

ఇప్పుడు మా టెర్రస్ మీద పది వారాలప్పుడు కొన్న గిరిరాజ పెట్టలు నాలుగున్నాయి, నాలుగూ పెట్టలే. అయిదోది మా పాప పట్టుబట్టి రోజు పిల్లగా తెప్పించిన కడక్‌నాథ్, పేరు లక్ష్మి. పదకొండో వారం నడుస్తోంది. తోక దగ్గర రెండు ఈకలు సన్నగా, మొనదేలి వస్తున్నాయి. పాపకి ఇంకా చెప్పలేదు.